నడుం దగ్గరి ముడి

"ఉత్త కండ్లతోని చూస్తె కాదు. చెయ్యి పెట్టి గుంజాలె," అంది సుశీలాబాయి, శిబిరానికొచ్చిన నేహా నడుం పట్టీలో వేళ్ళు దూర్చి ఒక్క గుంజు గుంజుతూ. ఆ దెబ్బకు పిల్ల ముందుకు తూలి, "అమ్మో బాయీ!" అని కిసుక్కున నవ్వింది.

"నవ్వు, నవ్వు. బండ మీదికి పోయినంక పట్టీ ఊడితె అప్పుడు నవ్వరాదు. మొదలు బకల్ గుంజాలె. తర్వాత ముడి. ఆఖరికి హుక్కు. నీది నీ జోడీ చూడాలె, నీ జోడీది నువ్వు చూడాలె. నాది నేనే చూసుకుంట అంటె నా దగ్గర నడ్వది."

జిమల్‌గట్ట ఊరు దాటి టేకు చెట్ల మధ్య కాలిబాటన కొంత దూరం పోతే రెండు బండలు వస్తాయి. ముందున్నది పిల్లబండ, దాని వెనక ఆకాశంలోకి లేచింది తల్లిబండ. దీపావళి సెలవులు కావడంతో అక్కడి ఆశ్రమశాల బడి హాలు ఖాళీగా ఉంది. అందులో పక్కలు వేసుకుని, పొద్దున్నే అటుకుల పోహా తిని, పోలీసు ఠాణాలో ఓ మాట చెప్పి వచ్చారు వాళ్ళంతా. వచ్చింది బండలెక్కడం నేర్చుకోవడానికి. పని లేక అని ఊరివాళ్ళు అనుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. తేనె కోసం ఎక్కేవాణ్ణి చూశారు, తప్పిపోయిన మేక కోసం ఎక్కేవాణ్ణి చూశారు. ఊరికే ఎక్కి ఊరికే దిగడానికి చంద్రపూర్ నుంచి తాళ్ళ మూటలు మోసుకొచ్చిన రిటైరైన ఆటల టీచరమ్మ సుశీలాబాయిని మాత్రం వాళ్ళు ఇప్పుడే చూస్తున్నారు.

రవికి మాత్రం ఇది ఊరికే కాదు. సిరోంచలో ఓ ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పే రవి, పెళ్ళయ్యాక కొంచెం పొట్ట కూడా పెంచిన రవి, ఫోన్లో బండలెక్కేవాళ్ళ వీడియోలు చూసి చూసి, ఇంట్లో అటక పట్టుకుని వేలాడి భార్య చేత తిట్లు తిని, చివరికి ఈ శిబిరంలో పేరిచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పకుండా, ఎవరికోసమూ కాకుండా అతను పెట్టుకున్న మొదటి పని ఇది. ఆ సంబరంలో కొత్త బూట్ల ఫొటో స్కూలు గ్రూపులో పెట్టాడు. అక్కడే దెబ్బ తిన్నాడు. ఆ సాయంత్రమే స్కూలు నడిపే సంస్థ యజమాని గోపాల్‌రావు, "నన్ను గూడ డాక్టరు బరువు తగ్గుమన్నడు మాస్టర్, నేను గూడ వస్త," అన్నాడు. రమ్మనడానికీ వద్దనడానికీ రవి ఎవరు?

"జోడీ అంటె బరువుకు బరువు సరిపోవాలె," అంది సుశీలాబాయి అందరినీ ఎగాదిగా చూసి. "కింద తాడు పట్టేటోళ్ళు బక్కగుంటె, పైనోడు జారంగనే ఈళ్ళు గాలిల లేస్తరు. గంగక్కా, నేహా ఒక జోడీ. ఇగ పొట్టకు పొట్ట," అని రవినీ గోపాల్‌రావునూ చూపించింది. అందరూ నవ్వారు. గోపాల్‌రావూ నవ్వాడు. ఆయన్ని చూసి రవి కూడా నవ్వాడు.

జోడీలు ఎదురెదురుగా నిలబడ్డాయి. జిమల్‌గట్ట ఉపకేంద్రంలో నర్సు గంగక్క, నేహా బకల్ పట్టుకుని పాడిగేదెను గుంజినట్టు గుంజింది. గోపాల్‌రావు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఉన్నచోటే కొంచెం నడుం వంచి, రవి ముడి వైపు చూశాడు. బజారులో బేరం కుదరని చీరను చూసినట్టు చూశాడు.

"ఠీక్ ఉన్నది మాస్టర్."

ముట్టుకోలేదు. అంతే. ఇంకేం జరగలేదు. రవి చెయ్యి తనంతట తాను సగం దాకా లేచింది, ఆయన నడుం వైపు. సగంలో ఆగింది. సాహేబు ఇంటి వాకిట్లో ఎంత దూరంలో నిలబడాలో రవికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నాన్న నర్సన్న ఆ ఇంట్లో పాలేరుగా జీతం ఉన్నప్పుడు, వెంట పోయి నిలబడి నిలబడి ఒంటికి పట్టింది.

"బరోబర్ ఉన్నది సాహేబ్," అన్నాడు చెయ్యి దించుకుని.

ఇప్పుడు కులాలు, అంటూ ముట్టూ ఎక్కడున్నాయండీ అనేవాళ్ళు ఆ పొద్దున పిల్లబండ దగ్గర ఉండాల్సింది. ఎక్కడికీ పోలేదు. ఆ ఇద్దరి మధ్య మూరెడు ఎడంలో ఉన్నాయి.

రవి ముందు ఎక్కాడు. తాడు బండ పైన సుశీలాబాయి బిగించిన కొక్కేల్లోంచి పోయి, ఒక కొస రవి నడుముకీ, రెండో వైపు గోపాల్‌రావు పట్టీకి తగిలించిన, తాడును ఆపే ఇనుప బిళ్ళలోకీ వచ్చింది. ఎక్కేవాడు పైకి పోయినకొద్దీ కిందివాడు తాడును బిగువుగా లాక్కుంటూ ఉండాలి. కుడిచెయ్యి తాడు మీదినుంచి తియ్యకూడదు. దేవుడొచ్చి కరచాలనం చేస్తానన్నా తియ్యకూడదని సుశీలాబాయి మాట.

రాయి చల్లగా, గరుకుగా ఉంది. వేళ్ళకు చిన్న చీలిక దొరికింది, బూటు కొస ఒక బొడిపె మీద నిలిచింది. ఆ రెండూ నిలవగానే రవి ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది. పైన ఇంకో చీలిక. దాని పైన చిన్న అంచు. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టాలి, ఆ తర్వాత ఏ కాలు లేస్తుంది, ఇది లెక్క చేసినట్టే ఉంది, కాకపోతే తప్పు చేస్తే కొట్టివేత గీత కాగితం మీద పడదు. ఆ ఆలోచన రాగానే కిందికి చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

గోపాల్‌రావు ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, ఒక చేత్తో తాడును ఊరికే పట్టుకుని, రెండో చేత్తో గాలిలో ఎవరికో ఏదో వివరిస్తున్నాడు. లాక్కోకుండా వదిలేసిన తాడు రవి మోకాళ్ళ కింద పెద్ద ఉయ్యాలలా వేలాడుతోంది.

"సాహేబ్," అన్నాడు రవి. కిందిదాకా వినపడలేదు. యజమాని ఫోన్లో ఉన్నప్పుడు పిలవకూడదన్న అలవాటు బండ మీద కూడా వదల్లేదు. ఆయన మాట్లాడటం అయిపోయేదాకా ఆగుదామనుకున్నాడు. చీలికలో వేళ్ళు చెమటకు తడిశాయి. పిక్కలు కుట్టుమిషను సూదిలా టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. బూటు జారింది.

పడటం ఎంతసేపు పట్టిందో రవికి తెలీదు. పై ప్రాణాలు పైనే పోయాయి. బండ అతని ముఖం ముందునుంచి పైకి పరిగెత్తింది, నడుం విరిగినట్టు ఒక కుదుపు, తర్వాత అతను గాలిలో గిరగిరా తిరుగుతున్నాడు. కాళ్ళు నేలకు మనిషెత్తు కూడా లేవు. కింద గోపాల్‌రావు రెండు చేతులతో తాడు పట్టుకుని వెనక్కి వాలి ఉన్నాడు. ఫోను గడ్డిలో పడి ఇంకా "హలో, హలో" అంటోంది.

"ఏం కాలేదు కద!" అని గోపాల్‌రావు గట్టిగా నవ్వాడు. "పట్టిన కద!"

బండకు అవతలి పక్క నేహా చేత ముడులు వేయిస్తున్న సుశీలాబాయి పరుగున వచ్చింది. "ఏమైంది? అంత లూజు ఎట్లయింది?"

గంగక్క రవి వైపు చూసింది. ఆమె చూసిందని రవికి తెలుసు. చెప్పు అన్నట్టు కనుబొమలు ఎత్తింది.

"ఏం లేదు బాయీ," అన్నాడు రవి. "నా కాలే జారింది."

సాయంత్రం ఆశ్రమశాల బోరింగు దగ్గర మోచేతి గీతలు కడుక్కుంటుంటే గంగక్క దూది, మందు పట్టుకొచ్చింది. మందు రాస్తూ కావాలనే కొంచెం గట్టిగా ఒత్తింది.

"అబ్బా! మెల్లగ అక్కా."

"నోరున్నది కద నీకు. పొద్దుగాల ఏమైంది ఆ నోటికి?"

రవి మోచెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"మా అయ్య ఆ తల్లిబండ మీంచె తేనె దీసేటోడు," అంది గంగక్క, దూది పారేసి. "తాళ్ళ నిచ్చెన ఏసి దిగాలె. పైన తాడు కాడ మా మామ కూసునేటోడు, మా అమ్మ తమ్ముడు. మావోళ్ళల్ల బామ్మర్దే కూసోవాలె. ఇంకొకలకు తాడియ్యరు. సొంత అన్నదమ్ములకు గూడ ఇయ్యరు తమ్మీ."

"అన్నదమ్ములకెందుకియ్యరు?"

"వీడు పోతె భూమి ఆళ్ళకొస్తది కద. బామ్మర్దికైతె అక్క ముండమోస్తదని భయముంటది. గట్టిగ పడ్తడు." ఆమె మందు సీసా మూత బిగించింది. "నువ్వు పడితె గోపాల్‌రావు సాహేబుకు ఏం పోతది?"

ఆ మాట రవిని భోజనం దగ్గర కూడా వదల్లేదు. రొట్టె తుంచుతున్నాడు, నోట్లో పెట్టుకుంటున్నాడు, ఏం పోతది అనుకుంటున్నాడు. ఒక టీచరు పోతే ఇంకో టీచరు. తనలాగే ఉద్యోగం పర్మనెంటు కావాలని తిరుగుతున్నవాళ్ళు సిరోంచలో తక్కువేం లేరు. గోపాల్‌రావుకు తనను చంపాలనేం లేదని రవికి తెలుసు. చంపాలన్నంత పట్టింపు కూడా లేదు. భయమంతా అదే. పగవాడైతే కనీసం కళ్ళు తిప్పకుండా చూస్తూ ఉంటాడు.

భార్య ప్రతిభ ఫోన్ చేసింది. ఏదో మామూలుగా మాట్లాడదామనుకుని, మాటల్లో జోడీ ఎవరో చెప్పేశాడు.

"ఆయన పట్టిండా నీ తాడు?" అంది ప్రతిభ. "మీ నాయన తాడు గూడ ఆయింట్లనే ఉండె కద ఇన్నేండ్లు. ఇగ నీది గూడ అప్పజెప్పినవా?"

"అట్ల గాదే. బరువు లెక్క."

"ఏం లెక్కనో! నువ్వు రేపు ఆ బాయికి చెప్పి జోడీ మార్పియ్యి. మార్చకుంటె బస్సెక్కి ఇంటికి రా. అటకకు ఏలాడుదువు గాని, నేనేం అన."

తెల్లారి బండల దగ్గరికి నడుస్తున్నప్పుడు గోపాల్‌రావు అడుగులు తగ్గించి రవి పక్కకొచ్చాడు. మంచు పడిన గడ్డి ప్యాంటు అంచులను తడుపుతోంది. ఆయన మంచి హుషారుగా ఉన్నాడు.

"మాస్టర్, దీపావళి దాటంగనే నీ పర్మనెంటు కాగితం గడ్చిరోలి జిల్లా ఆఫీసుకు పంపుడే. నువ్వు మనోనివి. నర్సన్న కొడుకువు. నాకు యాదికుండదా?"

"మీ దయ సాహేబ్."

"నిన్న జర ఫోనొచ్చింది. అది మనసుల పెట్టుకోకు."

"అయ్యో, లేదు సాహేబ్."

దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలు రవి నోట్లోనే చల్లారిపోయాయి. అయినా ప్రతిభ మాట గుర్తొచ్చి, సుశీలాబాయి ఒంటరిగా తాడు చుట్టలు వేస్తున్నప్పుడు దగ్గరికి పోయాడు.

"బాయీ, నా జోడీ జర మారుస్తరా?"

"ఎందుకు?"

వెనక గోపాల్‌రావు బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. కాగితం గడ్చిరోలికి పోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఈ గొయ్యి నిజంగానే గొయ్యి, పడితే ఎముకలు ఏరుకోవాలి.

"ఊరికే," అన్నాడు.

"ఊరికే అయితె మార్చ. బరువు సరిపోవాలె కద బాబా." ఆమె తాడు చుట్టను మెడలో వేసుకుని అతని మొహంలోకి చూసింది. "భయమైతుందా?"

"అయితుంది బాయీ."

"ఎత్తంటెనా?"

ఆమె అడగాల్సింది అడిగింది. జవాబు నాలుక కొస మీద ఉంది.

"ఆ. ఎత్తంటెనే," అన్నాడు రవి.

ఆ రోజంతా అతను తాడును లేనట్టే లెక్కవేసుకుని ఎక్కాడు. తతిమ్మావాళ్ళు పైదాకా పోయి, "కూసుంటున్న!" అని కేక వేసి, తాడు మీద వెనక్కి వాలి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే, కిందివాళ్ళు మెల్లగా దించేవారు. రవి వాలలేదు. ఎక్కిన దారినే, ఒక్కో చీలికా తడుముకుంటూ, బూటు కొసతో కనపడని అంచును వెతుక్కుంటూ కిందికి దిగాడు. ఎక్కడం కంటే దిగడం కష్టం. గోళ్ళ సందుల్లో నెత్తురు చిమ్మింది. ముంజేతులు బిగుసుకుపోయి, కిందికొచ్చాక నీళ్ళ సీసా మూత తిప్పలేకపోయాడు.

"రోప్ ఎందుకున్నదయ్యా మరి?" అని సుశీలాబాయి కోప్పడింది. "నమ్మి కూసో!"

ప్రతిసారీ ఎక్కబోయే ముందు గోపాల్‌రావు చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూసి, ఠీక్ ఉన్నదనేవాడు. ప్రతిసారీ రవి బరోబర్ ఉన్నదనేవాడు. ఇద్దరిదీ పచ్చి అబద్ధమే. రాత్రి నిద్రలో కూడా రవి కాళ్ళు జారుతూనే ఉన్నాయి.

మూడో రోజు తల్లిబండ. కిందినుంచి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. పైన ఓ పక్కకు నల్లగా, మనిషంత పొడుగున పాత తేనెపట్లు ఎండి వేలాడుతున్నాయి. ఈగలు లేవని గంగక్క ముందే పోయి చూసొచ్చింది. అయినా అందరూ గొంతు తగ్గించే మాట్లాడారు. సుశీలాబాయి వెనక దారిన పైకి పోయి తాళ్ళు బిగించి దిగొచ్చింది. "ఇది పిల్లబండ గాదు. ఇక్కడ తప్పయితె దవాఖాన ఏడనో ఆల్లపల్లిల ఉన్నది, యాదికుంచుకోండ్రి," అంది.

"మొదలు నేను," అన్నాడు గోపాల్‌రావు. ఫొటో తియ్యమని నేహాకు చెప్పాడు. తాడు కొస అందుకుని ముడి వెయ్యడం మొదలుపెట్టాడు.

ఆ ముడి అందరికీ వచ్చేసింది. తాడు మీద ఎనిమిది అంకెలా ఒక ముడి వేసి, కొసను నడుం పట్టీలోంచి దూర్చి, అది వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి ముడి పొడుగునా నడిపించాలి. అలా రెండు వరసలైతేనే ముడి. ఒక వరసతో ఆగితే అది చూడటానికి ముడిలాగే ఉంటుంది, బరువు పడగానే పాములా జారి బయటికొస్తుంది.

గోపాల్‌రావు కొసను పట్టీలోంచి దూర్చాడు. ఫోను మోగింది. ఎడమచేత్తో తీశాడు. "ఆ, చెప్పు. లేదు లేదు, రేపొస్త," అంటూనే కుడిచేత్తో కొసను పట్టీ సందులోకి దోపాడు, పంచె కొస దోపుకున్నట్టు. ఫోను జేబులో పెట్టుకుని, "పట్టు మాస్టర్," అన్నాడు.

రవి చూశాడు.

ఒక్కటే వరస. కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. నోరు తెరవాలి. అందరి ముందు, సాహేబ్, మీరు తప్పు కట్టిన్రు అనాలి. లేదా చెయ్యి చాచి ఆ నడుం పట్టుకోవాలి. ఆ రెండింటిలో ఏది చేసినా గడ్చిరోలికి పోయే కాగితం పోదు.

గోపాల్‌రావు ఎప్పటిలాగే వంగి, రవి పట్టీ వైపు ఓ చూపు చూసి, ఠీక్ అన్నాడు. రవి వంతు వచ్చింది.

"బరోబర్ ఉన్నది సాహేబ్," అంది రవి నోరు.

అలవాటు అలాంటిది. ఆ మాట బయటికొచ్చాక రవి తన చెవులతో తానే విన్నాడు. ఈలోగా గోపాల్‌రావు బండ వైపు తిరిగాడు, మొదటి అంచు మీద కాలు పెట్టాడు, రెండోది కూడా నేల వదిలింది. రవి చేతులు తాడును లాక్కుంటున్నాయి. నడుం దగ్గరి ముడి కొంచెం కొంచెం బిగుసుకుంటూ, దోపిన కొస కొంచెం కొంచెం పొట్టిదవుతోంది.

అప్పుడు పుట్టింది అసలు భయం. మూడు రోజులుగా పడిన భయం దీని ముందు పిల్లకాయ భయం. ఏమీ చెయ్యక్కర్లేదు. తాడు వదలక్కర్లేదు, తొయ్యక్కర్లేదు, గట్టిగా పట్టుకునే ఉండొచ్చు. పైదాకా పోయి, "కూసుంటున్న," అని ఆయనే వాలతాడు. నేను బరోబర్‌గనే పట్టిన, ముడి ఆయనదే, అనొచ్చు. ఎవరూ ఏమీ అనరు. నాన్నను ఎండలో నిలబెట్టి, తాను నీడలో మంచం మీద చుట్ట కాల్చుకున్న మనిషి అక్కడ బండకు అతుక్కుని ఉన్నాడు. ఆలోచన ఇంత నున్నగా, ఇంత తొందరగా రావడం చూసి రవి జడుసుకున్నాడు. తన చేతులను తానే ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

ఇంకో అంచు. గోపాల్‌రావు నడుం ఇప్పుడు రవి తలకంటే పైన ఉంది.

"దిగుండ్రి!"

కేక ఎంత గట్టిగా వచ్చిందంటే నేహా చేతిలో ఫోను ఎగిరిపడింది. గోపాల్‌రావు బండకు అతుక్కునే తల తిప్పాడు.

"ఏంది?"

"కిందికి దిగుండ్రి! తాడు మీద వాలకుండ్రి. చేతులతోని పట్టుకుంట దిగుండ్రి!"

"ఏందిరా నీ లొల్లి?"

ఇన్నాళ్ళ మాస్టరు ఒక్క దెబ్బకు 'రా' అయ్యాడు. రవి పట్టించుకోలేదు. "దిగు!" అన్నాడు మళ్ళీ. ఆ గొంతు ఎవరిదో అతనికే తెలీలేదు. గోపాల్‌రావు ఏదో గొణుగుతూ, కాలితో అంచు కోసం తడుముకుంటూ దిగాడు. చివరి అంచు నుంచి నేల మీదికి దూకి, ఎర్రబడిన మొహంతో ఇటు తిరిగాడు.

రవి తాడును గంగక్క చేతికిచ్చి ముందుకు నడిచాడు. ఎడం మూరెడైంది, జానెడైంది. గోపాల్‌రావు ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక బండ ఉంది. రవి ఆయన నడుం పట్టీలో వేళ్ళు దూర్చాడు. పొట్ట వేడి, చెమట, పట్టీ గరుకు, అన్నీ ఒక్కసారే వేళ్ళకు తగిలాయి. రెండో చేత్తో తాడు పట్టుకుని గుంజాడు.

రెండోసారి గుంజాల్సిన పని లేకపోయింది. తాడు సరసరా జారి కొసతో సహా రవి చేతిలోకి వచ్చింది.

గోపాల్‌రావు రవి చేతిలో ఆడుతున్న తాడు కొసను చూశాడు. తల ఎత్తి, తానింకా ఎక్కాల్సి ఉండిన తల్లిబండ ముఖాన్ని పైదాకా చూశాడు.

సుశీలాబాయి వచ్చి తాడు లాక్కుంది. "చూసుకోలేదా? జోడీ చూడలేదా?" అని అరిచింది. "ఈ మూడు దినాలు ఏం చూస్తున్నరు మీరు? గుంజి చూస్తలేరా?"

రవి తల వంచుకున్నాడు. గోపాల్‌రావు జేబులోని ఫోను తడుముకున్నాడు.

"చూస్తలేరు బాయీ," అంది గంగక్క. "మొదటి దినం సంది నేను చూస్తనే ఉన్న. ఈయన ఆయనను ముట్టడు. ఆయన ఈయనను ముట్టడు."

అంతకు మించి ఎవరూ చెప్పలేదు. ఎవరికీ అక్కర్లేకపోయింది కూడా. నేహా ఫోను మెల్లగా జేబులో పెట్టుకుంది. సుశీలాబాయి ఒకసారి గోపాల్‌రావునూ ఒకసారి రవినీ చూసింది. నిన్న అడిగిన ప్రశ్నకు ఆమెకు ఇవాళ జవాబు దొరికినట్టుంది. "జోడీ మార్చుమన్నవ్ కద నువ్వు," అంది మెల్లగా. తర్వాత కటువుగా, "ముట్టనోళ్ళు నా తాడు పట్టొద్దు. ఇద్దరు కూసోండ్రి," అని నేహా వైపు పోయింది.

ఇద్దరూ బండ నీడలో కూర్చున్నారు. గోపాల్‌రావు ఇటు తిరగకుండానే అడిగాడు.

"నువ్వు ఎప్పుడు చూసినవ్?"

రవి మోకాళ్ళ మీది మట్టి దులుపుకున్నాడు.

"కట్టంగనే చూసినవ్, కద? ఎక్కినంక గాదు."

ఎక్కాకే చూశానని చెప్పొచ్చు. తేలికైన అబద్ధం, అందరికీ మంచిది. మూడు రోజులుగా బరోబర్ బరోబర్ అన్న నోటికి ఇంకొక్క అబద్ధం బరువా? కానీ ఆ నోరు అలసిపోయింది.

"మీరు కట్టుకుంటున్నప్పుడే చూసిన."

గోపాల్‌రావు ఇటు తిరిగాడు. చిన్నప్పటినుంచి చూస్తున్న ఆ మొహంలో రవి కోపం చూశాడు, నవ్వు చూశాడు, దయ కూడా చూశాడు. ఇది ఎప్పుడూ చూడలేదు. ఆయన కళ్ళు రవి మొహం మీదినుంచి చేతుల మీదికి దిగి, అక్కడే ఆగిపోయాయి. భయపడుతున్నాడు. తనను చూసి. ఆ సంగతి అర్థం కావడానికి రవికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక సంతోషమేం కలగలేదు. ఎందుకంటే ఆయన భయపడటంలో తప్పు లేదు.

పొద్దెక్కాక రవి లేచి సుశీలాబాయి దగ్గరికి పోయాడు. "నేనెక్కుత బాయీ."

"ఎవరు పడ్తరు?"

"సాహేబే."

ఆమె అతణ్ణి పరీక్షగా చూసి, ఏమనుకుందో, సరేనని తాడు ఇచ్చింది. రవి ముడి వేసుకున్నాడు, ఒక వరస, రెండో వరస. గోపాల్‌రావు ఎదురుగా పోయి, చేతులు పక్కలకు తీసి నిలబడ్డాడు.

"గుంజుండ్రి," అన్నాడు.

గోపాల్‌రావు చేతులు వెనక్కి పోలేదు. బకల్ పట్టుకుని గుంజాడు. ముడి పట్టుకుని గుంజాడు. రెండు వరసలనూ వేలితో రాస్తూ మొదటినుంచి చివరిదాకా చూశాడు, మళ్ళీ ఓసారి చూశాడు. ఆయన పక్కనే సుశీలాబాయి నిలబడే ఉంది. తర్వాత రవి ఆయనది గుంజాడు. ఆయన ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

తల్లిబండ మీద రవికి తేలికైన చోటంటూ దొరకలేదు. సగంలో ఓసారి పిక్కలు వణికాయి, వేళ్ళు చెమటకు జారాయి, ఎక్కడికెళ్ళినా నడుం దగ్గర తాడు బిగువుగా, పైకి లాగుతున్నంత బిగువుగా ఉంది. పైనున్న కొక్కేల దాకా పోయి వాటిని చేత్తో తాకాడు. గోదావరి వైపు అడవి పచ్చగా, పొగమంచులో కలిసిపోతూ కనిపించింది. దాన్ని చూసే ఓపిక అతనికి లేదు. ఇప్పుడు వెనక్కి వాలాలి. బండను పట్టుకున్న వేళ్ళు వదలమంటే వదలడం లేదు.

కిందికి చూశాడు. గోపాల్‌రావు తల పూర్తిగా పైకెత్తి, రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తున్నాడు. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. ఆయన వదలడు. మంచివాడని కాదు, మారాడనీ కాదు. ఇవాళ ఈ తాడు జారితే కావాలనే వదిలాడంటారు, గంగక్క అంటుంది, సుశీలాబాయి అంటుంది, జిల్లా అంతా అంటుంది. ఇప్పుడు రవి పడితే ఆయనకు పోయేది చాలా ఉంది.

"కూసుంటున్న!" అని కేక వేసి రవి వేళ్ళు వదిలాడు.

తాడు కిర్రుమని అతణ్ణి మోసింది. అతను బండ ముఖం మీద అడుగులు వేస్తూ, మెల్లగా, చాలా మెల్లగా, గాజు సామాను దించినట్టు కిందికి దిగాడు.

కాళ్ళు నేలను తాకాయి. సుశీలాబాయి అతని భుజం తట్టి, గంగక్క ఎక్కబోయే తాడు వైపు పోయింది. గోపాల్‌రావు ఇనుప బిళ్ళలోంచి తాడు తీసి, చుట్టూ చూసి, దగ్గరికొచ్చాడు. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"రవీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఇక్కడి ముచ్చట ఊళ్ళె తియ్యవు కద? గంగక్క అన్న మాట... అదంత సిరోంచల ఎందుకు? నీ కాగితం సంగతి నేను చూసుకుంట."

రవి ముడి విప్పుకుంటున్నాడు. బరువు పడి అది రాయిలా బిగుసుకుపోయింది. గోళ్ళతో ఒక పేటను లాగి, రెండోదాన్ని వదులు చేసి, మళ్ళీ మొదటిదాన్ని లాగాడు. అడిగిన వెంటనే జవాబు చెప్పాలని నాలుక అలవాటుగా కదిలింది. అతను పళ్ళు బిగించి దాన్ని ఆపుకున్నాడు. భయంగానే ఉంది.

ముడి ఊడి వచ్చేదాకా గోపాల్‌రావు జవాబు కోసం ఎండలో నిలబడే ఉన్నాడు.